పదకొండు గారు పర్వాలేదన్నారు

1వ రోజు, సోమవారం

ప్రతి పరీక్షకీ సాక్షి ఒక దినచర్య పుస్తకం రాయాలని సమ్మతి చట్టంలో ఉంది. దాన్ని ఎవరైనా చదవాలని మాత్రం ఎక్కడా లేదు. ఇది నా ఏడో పుస్తకం. ముందటి ఆరూ మా షాపులో దగ్గుమందుల అలమర మీద పడి ఉన్నాయి, బొద్దింకలు కూడా వాటి జోలికి పోలేదు. అందుకని ఇందులో నాకు తోచింది రాసుకోవచ్చు.

నా పేరు మంగతాయారు. మెరకపాలెం రేవు వీధిలో మందుల షాపు నాది. షాపులో సగం మందులు, సగం మొహానికి పూసుకునేవి. సముద్రం ఊళ్ళోకి వచ్చేశాక ఈ ఉప్పుగాలికి మొహాన ఏదో ఒకటి పూసుకోకుండా గడప దాటేవాళ్ళు లేరు. ఆడా మగా అందరూ నా ఖాతాదారులే. కొత్త సరుకు ఏదైనా అమ్మాలంటే ముందు దాన్ని కుందేళ్ళ మీద పరీక్షించాలి, కుందేళ్ళు నోరు తెరిచి సరే అనాలి, ఆ మాటని అమ్మబోయే షాపువాళ్ళే సాక్షిగా నిలబడి వినాలి. కుందేలుకి పూసిందే సాక్షికీ పూస్తారు. అటు కుందేలు గానీ ఇటు సాక్షి గానీ నొప్పి అన్నారంటే పరీక్ష అక్కడితో ఆగిపోతుంది. ఇలా పెడితే ఎవరూ అబద్ధం ఆడరని చట్టం రాసినవాళ్ళ నమ్మకం. వాళ్ళెవరూ మా గోదావరి వైపు ఒక్క పూట కూడా భోజనానికి వచ్చినట్టు లేదు.

ఈసారి సరుకు మిణుగురు కంపెనీవారి ఉప్పుగాలి కాటుక. పన్నెండు రోజుల పరీక్ష. కంపెనీ తరఫున వచ్చేది బాబ్జీ. నన్ను అక్కా అని పిలుస్తాడు, వచ్చినప్పుడల్లా వాళ్ళమ్మ చుట్టిన పూతరేకులు తెస్తాడు. ఇవాళా తెచ్చాడు.

కుందేళ్ళు ఇద్దరు, పదకొండు గారు, పన్నెండు గారు. కంపెనీ పెట్టిన నంబర్లే వాళ్ళ పేర్లు. ఇద్దరూ కాస్త పెద్ద వయసువాళ్ళు కనక గారు అనకుండా పిలవడానికి మా నోరు రాదు. మెడలో మాటపెట్టెలు ఉంటాయి. ఆ పెట్టె చెవుల కదలికా, ముక్కు అదురూ, గుండె వేగమూ చదివి మన మాటల్లో పలుకుతుంది. దానికి తెలుగు నేర్పడానికి మా జిల్లా పెళ్ళిళ్ళలోనూ పరామర్శల్లోనూ జనం మాట్లాడుకున్న మాటలు ఏళ్ళ తరబడి రికార్డు చేసి పోశారట.

పది గంటలకి కంపెనీ గదిలో బాబ్జీ వాళ్ళిద్దరికీ, నాకూ కాటుక పెట్టాడు. పదకొండింటికి నేను చట్టం ప్రకారం మూడు ప్రశ్నలు అడిగాను.

"ఈ కాటుక పెట్టడం మీకు సమ్మతమేనాండీ?"

"అయ్యో, దానికేవుందండి, మీ ఇష్టవే మా ఇష్టం," అన్నారు పదకొండు గారు.

"మంటగా ఏమైనా ఉందా?"

"ఆయ్, అబ్బే. పర్వాలేదండి. మీరేం ఇదైపోకండి."

"పరీక్ష ఆపమంటారా?"

"ఇంత ఏర్పాటు చేసుకున్నారు, మజ్జలో ఆపడమేంటండి. ఇంతకీ మీరు కాఫీ తాగారా?"

పన్నెండు గారు ఆవిడ వెనకే నిలబడి, "అంతేనండి, అంతేనండి," అన్నారు.

తరవాత బాబ్జీ నన్ను అడిగాడు. "అక్కా, నీకెలా ఉంది?" కారం కలిపిన చేత్తో కన్ను నులుముకుంటే ఎలా ఉంటుందో అలా ఉంది. అతని చేతిలో పూతరేకుల డబ్బా మూత తీసి ఉంది. "బాగుంది తమ్ముడూ," అన్నాను. ఫారంలో సాక్షికి బాధ అన్న చోట లేదు అని రాసి, సంతకం పెట్టి, ముద్ర వేశాను.

2వ రోజు

పొద్దున్న షాపుకి డ్రిల్లు టీచరు హైమావతి గారు వచ్చారు. ఆవిడ పెదాల రంగు ఎంచుకుంటే మధ్యాహ్నం బడి గంట కొట్టేదాకా ఎంచుకుంటారు. నా అరల్లో రెండు రకాలున్నాయి. ఒకటి పచ్చచెవి గుర్తు వేసినది, అంటే కుందేళ్ళు ఒప్పుకున్నాయని అర్థం. రెండోది ముట్టనిది, అంటే దాన్ని ఏ ప్రాణి మీదా పరీక్షించలేదు. ముట్టనిదాన్ని చినలంక మహిళా సంఘం వాళ్ళు బీట్‌రూటు రసం, తేనెమైనంతో చేస్తారు.

"ఈ ముట్టనిది మంచిదే కదా మంగా, ఎవరి ఉసురూ తగల్దు," అన్నారావిడ.

"మంచిదేనండి. కాకపోతే ఎవరి మీదా పరీక్షించలేదు కాబట్టి మొదటి పరీక్ష మీ మీదే."

నిజానికి దాన్ని నేను పొద్దున్నే రాసుకుని వచ్చాను. అరగంటలో పెదాల మీది రంగు గెడ్డం మీదికి దిగింది. ఎనిమిదింటికి మెడ దాకా వచ్చింది. పాలు పోయడానికి వచ్చినావిడ నన్ను చూసి ఎవర్ని కొరికావమ్మా అని అడిగింది. ఇంక తేనెమైనం సంగతి. తేనెటీగలు ఒప్పుకున్నాయా లేదా అని సంఘంవాళ్ళని అడిగితే, వాటికి మాటపెట్టె ఇంకా రాలేదు కనక ప్రస్తుతానికి ఒప్పుకున్నట్టే అన్నారు.

హైమావతి గారు పచ్చచెవిది చేతిలోకి తీసుకుని వెనకాల రాసింది చదివారు. "కుందేళ్ళు నిజంగానే ఒప్పుకున్నాయంటావా?"

"ఈ చెవులతో విన్నానండి."

"నీ సంతకం ఉందిగా, అది చాల్లే," అని కొనుక్కుని వెళ్ళారు. నాకు చాలా గర్వంగా అనిపించింది. ఆ గర్వంతోనే లోపలికి వెళ్ళి కళ్ళు నాలుగోసారి కడుక్కున్నాను.

4వ రోజు

ఇవాళ జరిగింది రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తాను.

పరీక్ష అయ్యాక కుందేళ్ళని పడవ ఆటోలో వాళ్ళ విడిదికి దింపి రావడం సాక్షి పని. మగపెళ్ళివారిని దింపినట్టు దింపుతారని కంపెనీవాళ్ళే ఆ ఇంటికి విడిది అని పేరు పెట్టారు. వెనక సీటులో వాళ్ళుంటారు, ముందు సీటులో నేనుంటాను, మధ్యలో తెర ఉంటుంది. ఎక్కగానే మాటపెట్టెలు ఆపేస్తాను, బ్యాటరీ మిగులుతుందని. ఇవాళ కళ్ళు నీళ్ళు కారుతుంటే మీట సరిగ్గా కనపడక నొక్కానని అనుకుని నొక్కలేదు.

రేవు మలుపు తిరిగామో లేదో తెర వెనక మాటలు మొదలయ్యాయి.

"వదినా, నీకు కన్ను కనపడతందా?" ఇది పన్నెండు గారి గొంతు.

"ఎడమది మండిపోతంది. కుడిది మసక. నీకో?"

"నాకు నిన్నట్నించీ ఓ పక్కంతా తెల్లగా ఉంది."

"మరి చెప్పలేకపోయావా?"

"నువ్వు చెప్పావేంటి? ఆ అబ్బాయి పాపం కేరెట్టు చక్రాల్లా కోసి పళ్ళెంలో పెట్టాడు. వాడి మొహం చూసి మంట అని ఎలాగంటాం?"

"ఆవిడొకర్తి ఉంది కదా, ముద్ర వేసే ఆవిడ. ఆవిడ కళ్ళు చూశావా, చింతనిప్పుల్లా ఉన్నాయి. అయినా బాగుంది బాగుంది అంటది. ఆవిడే ఓర్చుకుంటంటే మనం అల్లరి పెడితే ఏం బావుంటది?"

మా ఇళ్ళకి వచ్చిన చుట్టాలు నిజం మాట్లాడేది వీధి మలుపు తిరిగాకే. నేనూ అంతే. ఎవరింట్లోనైనా పులుసులో ఉప్పు లేకపోతే రెండోసారి వేయించుకుని తిని, ఆటో ఎక్కాక ఉప్పు గురించి మాట్లాడతాను. కుందేళ్ళూ మా ఊరి మనుషులే అయిపోయారు. మర్యాద కుందేలుదో పెట్టెదో నాకు తెలీదు. నా మర్యాదే నాదో కాదో ఎప్పుడూ తేల్చుకోలేదు.

విడిది దగ్గర దిగేటప్పుడు పదకొండు గారు, "శ్రమ ఇచ్చామండి," అన్నారు. నాకు తల ఎత్తి చూడడానికి సిగ్గేసింది.

5వ రోజు

సమ్మతి ఆఫీసరు రుక్మాంగదరావు గారికి ఫోన్ చేశాను. పడవలో విన్నదంతా చెప్పాను. ఆయన చాలా ఓపిగ్గా విన్నారు.

"వాళ్ళకి తెలీకుండా విన్న మాట చెల్లదమ్మా. సమ్మతి చట్టం కదా, వినడానికి కూడా వాళ్ళ సమ్మతి ఉండాలి. పన్నెండో రోజున నేను వస్తాను. ఆ వేళ నా ముందర, మీ మొహం చూసి వాళ్ళు చెప్పాలి. అప్పుడే రాసుకుంటాను."

"అప్పటిదాకా రోజూ పెట్టాల్సిందేనాండీ?"

"సాక్షికి బాధ ఉంటే ఈ నిమిషంలో ఆపేస్తాను. మీకేమైనా బాధగా ఉందా?"

"అబ్బే, నాకేముందండి," అన్నాను.

ఫోన్ పెట్టేశాక నాలిక కరుచుకున్నాను. అంత పెద్దాయన అంత మర్యాదగా అడిగారు, కసురుకుంటూ అడిగి ఉంటే చెప్పేదాన్నేమో.

పదకొండింటికి కుందేళ్ళని మళ్ళీ అడిగాను. ఈసారి వంగి, నెమ్మదిగా, నిజం చెప్పమని బతిమాలాను. నేను బతిమాలే కొద్దీ వాళ్ళు కంగారుపడి ఇంకా మర్యాదగా అయిపోయారు. చివరికి పదకొండు గారు ఈ కాటుక లేకుండా ఇన్నాళ్ళు ఎలా బతికామో అన్నారు. బాబ్జీ ఆ మాట రాసుకున్నాడు, ప్రకటనకి పనికొస్తుందట.

6వ రోజు

మా ఇంట్లో నాతో పాటు మా నరసాయమ్మ పిన్ని ఉంటుంది. భగవంతుడు మా వంశంలో అందరికీ పంచాల్సిన కటువుతనం అంతా ఆవిడ ఒక్కదానికే ఇచ్చాడు. భోజనాల దగ్గర ఆవిడకి సంగతంతా చెప్పాను.

"చుట్టాలు నిజం చెప్పరే. మనింటి మనిషైతే చెప్తది," అంది.

"మనింటి మనిషిని ఎలా చేస్తావు పిన్నీ?"

"పని చెప్పు. కుర్చీ వేసి కూచోబెట్టినన్నాళ్ళూ చుట్టవే. ఈ గోంగూర కాస్త వలిచి పెట్టు అన్నావనుకో, సాయంత్రానికి కూర బాలేదని మొహం మీదే చెప్తది."

ఆలోచిస్తే నిజమే అనిపించింది. కుందేళ్ళని ఇంటికి తెచ్చుకోవాలంటే బాబ్జీ ఒప్పుకోవాలి. అడిగాను. అతని మొహంలో వద్దు అన్న మాట స్పష్టంగా కనపడింది, నోట్లోంచి మాత్రం, "దానికేవుందక్కా, తీసుకెళ్ళు, పొద్దున్నే పదింటికి తెచ్చేసెయ్," అని వచ్చింది. మొహమాటం అవతలివాడిది అయినప్పుడు ఎంత సుఖంగా ఉంటుందో నాకు మొదటిసారి తెలిసింది.

7వ రోజు

చుట్టాలుగా వాళ్ళంత ఘోరమైన చుట్టాలు లేరు. మెంతికూర పెడితే ఇప్పుడే తిన్నాం అన్నారు. రెండోసారి అడిగితే కడుపు నిండా ఉంది అన్నారు. మూడోసారి చేతులు పట్టుకున్నంత పని చేస్తే, మీ తృప్తి కోసం అని చెరో ఆకు తిన్నారు. అక్కడున్న తివాచీ మీద కాలు పెట్టాల్సి వస్తుందని పన్నెండు గారు గుమ్మం పక్కనే సగం రోజు నిలబడిపోయారు.

మధ్యాహ్నం చూస్తే ఆవిడ ఎడమ కంటి మీద సన్నటి పొర ఉంది.

9వ రోజు

పిన్ని నిన్న పని మొదలుపెట్టింది. గోంగూర కట్టలు నాలుగు తెచ్చి పదకొండు గారి ముందు పడేసి, "ఊరికే కూచుంటే ఆకులు వాటంతటవే ఊడవు," అంది. చుట్టాలతో అలా ఎవరైనా మాట్లాడతారా అనుకున్నాను. పదకొండు గారు ఒక క్షణం చెవులు నిక్కించి చూసి, వెంటనే పనిలో దిగారు. ఆకుని కాడ నుంచి పళ్ళతో తుంచి ఒక పక్కన పెట్టాలి. నాలుగు కట్టల్లో ఒక కట్ట పక్కన చేరింది, మూడు కట్టలు ఆవిడ లోపలికి చేరాయి.

"ఇదేం వలవడం?" అంది పిన్ని.

"కాడలు ముదిరిపోయాయి. చూసి కొనుక్కోవద్దా?" అన్నారు పదకొండు గారు.

నేను వంటింటి గుమ్మంలో అలాగే నిలబడిపోయాను. ఆ మాటలో అండీ లేదు, ఆయ్ లేదు. పిన్ని నా వైపు చూసి కళ్ళెగరేసింది.

సాయంత్రానికి వాళ్ళిద్దరూ చెరో మూల కూచుని నా ఇంటిని నాకే విమర్శించడం మొదలుపెట్టారు. గచ్చు చల్లగా ఉందట. నేను నడిస్తే నేల అదురుతుందట. నా గొంతు కీచుగా ఉందట. నా పెదాలకున్న చినలంక రంగు చూసి ఎవరైనా కొట్టారా అని పన్నెండు గారు అడిగారు. ఇంత సంతోషంగా తిట్లు తిన్న రోజు నా జీవితంలో లేదు.

10వ రోజు

ఇవాళ ఇంట్లో అడిగాను, వాళ్ళ పక్కన నేల మీద కూచుని.

"కాటుక మండుతోందా?"

"మండక?" అన్నారు పదకొండు గారు. "మా పన్నెండుకి ఎడమ కన్ను పోయేలా ఉంది. రోజూ తీసుకెళ్ళి పెట్టించేది నువ్వేగా, ఇప్పుడడుగుతావేంటి?"

ఎల్లుండి ఆఫీసరు గారి ముందు ఇదే మాట నా మొహం చూసి చెప్పమన్నాను. చెప్తాం అన్నారు.

పిన్ని గదిలోంచి అంతా విన్నట్టుంది. నా పక్కన వచ్చి కూచుంది. "ఒక్కటి అడుగుతాను. నువ్వు నొప్పి అన్నా ఆగిపోద్ది కదా?"

"ఆగుతుంది."

"మరి ఈ ముసలి కుందేళ్ళకి గోంగూర వలవడం నేర్పే బదులు నువ్వే అనొచ్చుగా?"

"బాబ్జీ ఏమనుకుంటాడు పిన్నీ? ఉద్యోగం మీద ఆధారపడ్డవాడు. వాళ్ళమ్మ చేతి పూతరేకులు తిన్నాను ఇన్నాళ్ళూ."

పిన్ని లేచి లోపలికి వెళ్ళిపోయింది. రేపు ఒక్క రోజు గడిస్తే వాళ్ళే చెప్తారు, అందరికీ మర్యాదగా తేలిపోతుంది అనుకున్నాను. ఆ ఎల్లుండి కోసం పొద్దున్న పన్నెండు గారి కంట్లో మళ్ళీ కాటుక పెట్టించుకుని వచ్చాను. ఇది రాస్తుంటే నా మీద నాకే అసహ్యంగా ఉంది.

12వ రోజు, శుక్రవారం

నిన్న రాయలేదు. రాయడానికి వేరే ఏమీ లేదు, నిన్న కూడా పెట్టారు.

ఇవాళ కంపెనీ గదిలో కుర్చీలు వేసి, గ్లాసుల్లో మజ్జిగ పోసి, బాబ్జీ పెళ్ళిచూపులంత హడావుడి చేశాడు. రుక్మాంగదరావు గారు కండువాతో వచ్చారు. వయసు డెబ్బై దాటి ఉంటుంది, గొంతు మెత్తన. కుందేళ్ళకి కూడా నమస్కారం పెట్టారు. ఆ నమస్కారంతోనే నా పని అయిపోయిందని నాకు అప్పుడు తెలీలేదు.

నేను అడిగాను. "మంటగా ఉందాండీ?"

పదకొండు గారు నా వైపు చూశారు. తరవాత ఆయన వైపు చూశారు. చెవులు రెండూ నెమ్మదిగా దగ్గరకి వచ్చాయి.

"ఆయ్, అబ్బే. పెద్దవారు ఇంత ఎండలో వచ్చారు. మాకేవుందండి, పర్వాలేదు."

"అంతేనండి," అన్నారు పన్నెండు గారు, ఆయన ఎక్కడున్నారో సరిగ్గా కనపడక గోడ వైపు తిరిగి.

గోంగూర, గచ్చు, తిట్లు, నా నాలుగు రోజుల తంటాలు ఒక్క నమస్కారంతో కొట్టుకుపోయాయి. ఆఫీసరు గారు పన్నెండు గారి కంటిని చూశారు. చూడడం నేను చూశాను. "కన్ను కొంచెం..." అని ఆగారు. బాబ్జీ తల దించుకున్నాడు. "సరే, వారే పర్వాలేదంటున్నారు కదా," అని ఆయన ఫారం నా వైపు జరిపారు.

సాక్షికి బాధ. ఎదురుగా ఖాళీ. ఈ ఖాళీలో నేను ఎన్నిసార్లు రాశానో నా చేతికి తెలుసు, అది దానంతటదే 'లే' అని రాసేసింది. అక్కడ కలం ఆగింది. పన్నెండు గారు ఇంకా గోడకేసే చూస్తున్నారు.

"మండుతోంది," అన్నాను.

"ఏంటక్కా?" అన్నాడు బాబ్జీ.

"మండుతోంది తమ్ముడూ. మొదటి రోజు నుంచీ మండుతోంది. కళ్ళలో కారం పోసినట్టుంది. బాగుంది అని నీకు పన్నెండుసార్లు చెప్పాను, పన్నెండుసార్లూ అబద్ధం." నా గొంతు చేపల బజారులో ఉన్నంత గట్టిగా వచ్చింది. కీచుగా కూడా ఉంది.

భోజనాల బంతిలో పులుసు బాలేదని ఒకరు అనేదాకా అందరూ తింటూనే ఉంటారు.

"నాకూనండి," అన్నారు పదకొండు గారు.

"నాకు కనపడ్డం లేదండి," అన్నారు పన్నెండు గారు.

ఆఫీసరు గారు కలం తీసి రాసుకున్నారు. బాబ్జీ కుర్చీ ఉండగా నేల మీద కూలబడ్డాడు.

"ముందే చెప్పొచ్చుగా అక్కా. బాగుందన్నావని మా అమ్మకి ఓ డబ్బా తీసుకెళ్ళి ఇచ్చాను."

"ఆవిడేమన్నారు?"

"చాలా బాగుందందక్కా," అని గబుక్కున లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా ఇంటికి పరిగెత్తాడు.

పరీక్ష ఆగిపోయింది. కాటుక బజారులోకి రాదు. రుక్మాంగదరావు గారు కాగితాలు సర్దుకుంటూ నాకు ధైర్యం చెప్పారు. "ఇక్కడితో సరిపెడదామమ్మా. పాతవి తిరగతోడడం ఎందుకు. మీరు మంచివారు, అందరికీ తెలుసు." నా ముందు తలుపు బార్లా తెరిచి పెట్టినట్టు ఉంది ఆ మాట. బయటికి నడిచి వెళ్ళిపోవచ్చు, ఆయన ఏమీ అనుకోరు.

"వద్దండి, రాసుకోండి," అన్నాను. "నా సంతకంతో ఇంకా ఆరు సరుకులు షాపుల్లో ఉన్నాయి. గులాబి పొడి, పెదాల రంగులు రెండూ, పగటి పూత, రెప్పల రంగు, నుదుటి తిలకం. ఇందులో తిలకం, ఒక పెదాల రంగు నిజంగానే బాగున్నాయి. మిగతా నాలుగూ నాకు మండాయి. నాకు మండింది కాబట్టి అప్పటి కుందేళ్ళకీ మండే ఉంటుంది. అది తెలిసే ముద్ర వేశాను."

ఆయన చాలాసేపు నా మొహంలోకి చూశారు, నేను మాట మార్చుకుంటానేమోనని అవకాశం ఇస్తున్నట్టు. నేను మార్చుకోలేదు. అప్పుడు చెయ్యి చాపి నా ముద్ర అడిగారు. ఇచ్చేశాను. ఇంక నేను సాక్షిని కాను. వచ్చేదారిలో బడి దగ్గర ఆగి హైమావతి గారితో ఆ పెదాల రంగు వాడొద్దని చెప్పాను. ఆవిడ డబ్బా నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయారు. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది.

కుందేళ్ళు ఇద్దరూ ఇంక మా ఇంట్లోనే ఉంటారు, ఆఫీసరు గారే కాగితం రాసిచ్చారు. పన్నెండు గారి కంటికి మందు వేశాను. కుడి కన్ను మిగులుతుందని పశువుల డాక్టరు అన్నాడు, ఎడమదాని సంగతి చెప్పలేనన్నాడు.

పడవ ఆటోలో తెర తీసేసి వాళ్ళ పక్కనే కూచున్నాను. పన్నెండు గారు నా చీర కుచ్చెళ్ళ మీద తల పెట్టి పడుకున్నారు. రేవు మలుపు తిరిగాక పదకొండు గారు అడిగారు.

"నా నంబరు పదకొండు. నాకు ముందు పదిమంది ఉండాలి కదా?"

"ఉన్నారు. చినలంక విడిదిలో ఉన్నారు. రేపు షాపు మూసి వెళ్దామనుకుంటున్నాను."

"వాళ్ళనీ నువ్వే అడిగావా, ఆ మూడు ప్రశ్నలూ?"

"నేనే అడిగాను."

"ఏమన్నారు?"

"పర్వాలేదన్నారు."

పదకొండు గారు నా వైపు తిరిగారు.

"నువ్వు నమ్మావా?"

"లేదు," అన్నాను.